సెల్లార్‌లో చేసుకోదగిన పని, షెడ్డుకు వదలవలసిన పని: అపార్ట్‌మెంట్ వాసులకు మోటార్‌సైకిల్ సంరక్షణ

ఇంటి వాకిట్లో బండి నిలుపుకొనేవారు ఆదివారం ఉదయం చక్రం విప్పి, సామాను దొరక్క సోమవారం దాకా అలాగే వదిలేసినా అడిగేవారుండరు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ వెసులుబాటు లేదు. హైదరాబాద్‌లోని సాధారణమైన ఐదంతస్తుల భవనాన్నే తీసుకుంటే, ద్విచక్ర వాహనాలకు మిగిలేది తరచుగా రెండు స్తంభాల నడుమ ఉన్న సందు, లేదా ఎవరిదో కారు వెనక గోడవార జాగా. వెలుతురుకు దూరంగా ఒక ట్యూబ్‌లైటు ఉంటుంది. ప్లగ్ పాయింటు ఉండదు, ఉన్నా అది అందరి ఖర్చుతో నడిచే ఉమ్మడి మీటరుకు చెందినదై ఉంటుంది. తాగునీటి సంపు, జనరేటరు, కరెంటు మీటర్ల బోర్డు, వాచ్‌మన్ కుటుంబం ఉండే గది కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కనుక ఏ పని మనం చేసుకోవాలి, ఏది మెకానిక్‌కు అప్పగించాలి అన్నది చేతి నైపుణ్యం కంటే ముందు ఆ జాగా తేల్చే విషయం. పదేళ్లు పానా పట్టిన చేయి అయినా సరే, సంపు మూత పక్కన ఇంజిన్ ఆయిల్ దించకూడదు.

ఏదైనా పని మొదలుపెట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పని మధ్యలో ఒక బోల్టు తల అరిగిపోయి ఆగవలసి వస్తే, బండిని పక్కకు నెట్టడానికైనా వీలుంటుందా? ఈ పనిలో నేల మీద పడే ద్రవం ఏదైనా ఉందా? మొదటి దానికి అవుననీ రెండో దానికి లేదనీ జవాబు వస్తే ఆ పని సెల్లార్‌లో నిశ్చింతగా చేసుకోవచ్చు. రెండూ ఎదురు తిరిగితే షెడ్డుకు వెళ్లడమే మంచిది. ఒకటి ఇటు, ఒకటి అటు వచ్చినప్పుడే ఆలోచించవలసి వస్తుంది.

అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి గురించి ఒక మాట. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం సెల్లార్లు, పార్కింగ్ స్థలాలు ఉమ్మడి ప్రాంతాల్లోకి వస్తాయి. మన బండి నిలిచే గీతల మధ్య జాగాను వాడుకొనే వీలు మనకున్నా, అక్కడ వర్క్‌షాపు పెట్టుకొనే హక్కు దానంతటదే రాదు. చైనుకు నూనె వేసుకుంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. అయితే అద్దెకుండేవారు కార్యదర్శికి ముందుగా ఒక మాట చెప్పి ఉంచితే, తర్వాత నేల మీద కనిపించే ప్రతి మరకా వారి ఖాతాలో పడకుండా ఉంటుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది పెట్రోలు సంగతి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి, గాలి ఆడని సెల్లార్‌లో అది పైకి పోకుండా నేల వెంబడి పరుచుకొని, జనరేటరు దాకానో స్విచ్ దాకానో చేరగలదు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఒక అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయన డ్రమ్ములు అంటుకొని, పై అంతస్తుల్లో ఉన్నవారు కనీసం తొమ్మిది మంది చనిపోయారు. అక్కడ ఉన్న సరుకు వేరు, పరిమాణం వేరు. అయినా కింద పుట్టిన మంట, పొగ మెట్ల దారినే పైకి వస్తాయన్నది ఏ భవనానికైనా వర్తిస్తుంది. అందువల్ల ట్యాంకు దించడం, ఫ్యూయల్ పైపు ఊడదీయడం, పెట్రోలుతో భాగాలు కడగడం, సీసాలో పెట్రోలు దాచుకోవడం సెల్లార్‌లో ఎంత మాత్రమూ చేయకూడని పనులు. నూనె తుడిచిన గుడ్డలను కూడా మీటర్ల బోర్డు కింద మూలకు తోసేయకూడదు.

ఇక చేసుకోదగిన పనులు. వీటిలో ముఖ్యమైనదీ, అందరూ అశ్రద్ధ చేసేదీ చైను.

సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి చైనుకు నూనె పడాలి. వానలో తిరిగితే ఇంకా ముందే పడాలి. షెడ్డుకు వెళ్లేది మూడు నాలుగు నెలలకు ఒకసారి కనుక, ఈ పనిని మెకానిక్ మీద వదిలేసినవారి చైను ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే తిరుగుతుంది. బండి కొంత దూరం నడిపి తెచ్చి చైను గోరువెచ్చగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవడం మంచిది. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకొని, గేరు న్యూట్రల్‌లో ఉంచి, మెయిన్ స్టాండ్ వేయాలి. తాళంచెవి జేబులో ఉండాలనడం చాదస్తం కాదు. ఇంజిన్ నడుపుతూ గేరు వేసి, తిరుగుతున్న చైనుకు గుడ్డ పట్టి తుడవడం చాలాచోట్ల కనిపించే అలవాటు. గుడ్డ చైనుతో పాటు పళ్ల చక్రంలోకి లాక్కుపోతే దానితో పాటు వేళ్లు కూడా పోతాయి. చక్రాన్ని ఎప్పుడూ చేత్తోనే తిప్పాలి.

చైను కింద ముందుగా అట్టపెట్టె విప్పిన ముక్క, దాని మీద పాత వార్తాపత్రికలు పరచాలి. టైరుకూ రిమ్ముకూ నూనె తగలకుండా చైను వెనక మరో అట్టముక్క అడ్డుగా పెట్టాలి. శుభ్రపరిచే స్ప్రేనో, కొంచెం కిరోసిన్‌నో గుడ్డకూ మెత్తని బ్రష్షుకూ పట్టించి రుద్దాలి గానీ చైను మీద ధారగా పోయకూడదు. లింకుల మధ్య రబ్బరు రింగులుండే చైన్లను పెట్రోలుతో కడిగినా, ఇనుప బ్రష్షుతో రుద్దినా ఆ రింగులు పాడై లోపలి గ్రీజు బయటికి వచ్చేస్తుంది. తడి పూర్తిగా తుడిచి ఆరనిచ్చాక, చక్రాన్ని వెనక్కి తిప్పుతూ చైను కింది వరుసకు లోపలి వైపున లూబ్ కొట్టాలి. బండి నడిచేటప్పుడు చైను విసురుకు అది బయటి వైపు పాకుతుంది కాబట్టి లోపల వేసిందే అంతటా చేరుతుంది. కాసేపు ఆగి, పైన మిగిలిన దానిని తుడిచేయాలి. మెరిసేలా కారుతున్న చైను చూడడానికి బాగుంటుంది గానీ, అది దుమ్మును పట్టుకోవడమే కాక మర్నాటికి సెల్లార్ నేల మీద చుక్కలు కూడా మిగులుస్తుంది. రాత్రి ఈ పని చేసి ఉదయం దాకా బండి కదపకుండా ఉంటే నూనె చక్కగా పడుతుంది.

మెయిన్ స్టాండ్ లేని బళ్లకు ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని నేల నుంచి లేపి ఉంచే విడి స్టాండ్) ఉంటే మంచిదే గానీ, ఫ్లాటులో దానికి జాగా చూడడమే ఒక సమస్య. అది లేకపోతే బండిని కొంచెం కొంచెంగా ముందుకు నెడుతూ, కనిపించిన మేరకు చైనును మూడు నాలుగు విడతల్లో తుడిచి నూనె వేయవచ్చు. మధ్యాహ్నం కార్లు బయటికి పోయిన వేళ దీనికి అనువైనది. చైను మొత్తాన్ని కప్పేసే కవరు ఉన్న బళ్లలో, ఆ కవరుకున్న రబ్బరు మూత తీసి ఆ రంధ్రం గుండానే చూడాలి, నూనె వేయాలి. అలాంటి చైనుకు దుమ్ము తక్కువగా తగులుతుంది కనుక దాన్ని మాటిమాటికీ విప్పి కడగవలసిన అవసరం రాదు.

చైను వదులును స్కేలుతో కొలవడం కూడా ఇంట్లో చేసుకోదగిన పనే. కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే ఎంత ఆడుతోందో చూడాలి. రోజువారీ వాడుక బళ్లలో ఇది సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి ఎంతో, స్టాండ్ మీద కొలవాలో నేల మీద కొలవాలో మాన్యువల్‌లోనూ, కొన్ని బళ్లకు వెనక ఫోర్కు మీది స్టిక్కరుపైనా ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటే బిగువుగా ఉన్నచోటునే లెక్కలోకి తీసుకోవాలి. ఒకచోట బిగుసుకొని మరోచోట వేలాడుతూ ఉంటే ఆ చైను అరుగుదలకు వచ్చినట్టే. అప్పుడు బిగించడం మానేసి, రెండు స్ప్రాకెట్లతో (పళ్ల చక్రాలతో) సహా సెట్టు మార్పించాలి.

చైను బిగించడం మాత్రం పైన చెప్పిన రెండు ప్రశ్నలకు చెరో జవాబు వచ్చే పని. నేల మీద ఏదీ కారదు. కానీ ఇరుసు నట్టు తుప్పుపట్టి కదలకపోయినా, సగం వదులైనా బండి కదిపే స్థితిలో ఉండదు. పొడవాటి పిడి ఉన్న సరైన పానా, టార్క్ రెంచి (ఎంత బిగువు పెడుతున్నామో చూపే పానా) చేతిలో ఉన్నవారు చేసుకోవచ్చు. రెండు వైపులా అడ్జస్టర్లను (చక్రాన్ని వెనక్కి జరిపే మరలను) సమంగా తిప్పి, వెనక ఫోర్కు మీది గీతలు రెండు పక్కలా ఒకే చోట ఉన్నాయని చూసుకొని, నట్టును మాన్యువల్ చెప్పిన బిగువుకు బిగించాలి. వెనక డ్రమ్ బ్రేకు ఉన్న బళ్లలో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్డు లాగబడి బ్రేకు కొంత పట్టేస్తుంది. కాబట్టి పెడల్ ఆటనూ, పెడల్ తొక్కినప్పుడు వెనక లైటు వెలుగుతున్నదో లేదో కూడా మళ్లీ చూడాలి. ఈ సామానేదీ లేనివారు పక్కవారి పానా అడిగి తెచ్చి ఇరుసు నట్టును అందాజాగా బిగించడం కంటే, వీధి చివరి మెకానిక్ దగ్గర పావుగంట కూర్చోవడం మేలు.

మిగిలినవి చిన్న పనులు. చేతి పంపో, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపో, ఒక గేజీ ఉంటే టైర్ల గాలి ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. నిజానికి గాలి కొలవడానికి సెల్లార్ పెట్రోలు బంకు కంటే మెరుగైన చోటు, ఎందుకంటే టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచిందే సరైన లెక్క, బంకు దాకా వెళ్లేసరికి టైరు వేడెక్కి అంకె కొంచెం పెరుగుతుంది. బ్రేకు ప్యాడ్ల మందం టార్చి వేసి చూస్తే తెలుస్తుంది. డ్రమ్ బ్రేకుకు అరుగుదల సూచించే బాణం గుర్తు ఉంటుంది. క్లచ్ లీవరు ఆట సరిచూసుకోవడం, లీవర్ల ఇరుసుల్లో చుక్క నూనె వేయడం, నట్లు వదులయ్యాయేమో చేత్తో తడిమి చూడడం, ఇవన్నీ కలిపి అరగంట పని.

బ్యాటరీ విషయంలో మాత్రం ఫ్లాటు షెడ్డు కంటే మెరుగు. కింద ప్లగ్ లేకపోయినా బ్యాటరీ విప్పి పైకి తీసుకువెళ్లి ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. విప్పేటప్పుడు మొదట నెగటివ్ తీగ, బిగించేటప్పుడు మొదట పాజిటివ్ తీగ అన్న వరుస తప్పకూడదు. లేకపోతే పానా పాజిటివ్ నట్టును, బండి ఇనుమును ఒకేసారి తాకి నిప్పురవ్వలు లేస్తాయి. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి మల్టీమీటరు పెడితే, ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అది 14 వోల్టుల దరిదాపులకు రావాలి. అలా రాకుంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. ఈ రెండు అంకెలు రాసుకొని షెడ్డుకు వెళితే, అక్కరలేని కొత్త బ్యాటరీ కొనవలసిన పని తప్పుతుంది.

ఎయిర్ ఫిల్టర్ చూడడమూ సులువే గానీ ముందు దాని రకం తెలియాలి. స్పాంజి ఫిల్టరును కడగవచ్చు. చాలా హీరో, హోండా బళ్లలో ఉండే నూనె పట్టించిన కాగితపు ఫిల్టరును మాత్రం కడగకూడదు, గాలితో ఊదకూడదు, గడువుకు మార్చడమొక్కటే మార్గం. బండి కడగడం మాత్రం, వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనే భవనాల్లో సెల్లార్ పని కాదు. ఒక బకెట్టు నీళ్లూ రెండు మెత్తని గుడ్డలూ చాలకపోతే వాటర్ వాష్‌కు వెళ్లాలి. అక్కడ చక్రాల ఇరుసుల మీదా, చైను మీదా ప్రెషర్ ధార పట్టవద్దని ముందే చెప్పాలి.

ఇంజిన్ ఆయిల్

అసలు వివాదం ఇక్కడ వస్తుంది. వీడియోలు చూసి ఆయిల్ మార్చుకోవడానికి సిద్ధమయ్యేవారు చాలామందే ఉంటారు, పని కూడా కష్టమైనదేమీ కాదు. ఆయిల్ మట్టం చూసుకోవడం వరకూ అది తప్పకుండా ఇంటి పనే. బండిని చదునైన చోట నిటారుగా నిలిపి, ఇంజిన్ కొద్దిసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడాలి. సెల్లార్‌లో ర్యాంపు దగ్గర నేల వాలుగా ఉంటుంది, అక్కడ చూసిన కొలత నమ్మదగినది కాదు. కొన్ని బళ్లలో పుల్లను మరలో తిప్పకుండా ఊరకే దించి చూడాలి, కొన్నింటిలో బిగించి తీయాలి. ఈ తేడా తెలియక పోసిన అదనపు ఆయిల్ కూడా ఇంజిన్‌కు హానే.

ఆయిల్ దించడం వేరు. వేడి ఇంజిన్ నుంచి లీటరుకు అటూ ఇటూగా నల్లని ద్రవం ఒక్కసారిగా దూకుతుంది. పళ్లెం అంగుళం పక్కకు ఉన్నా నేల పాడవుతుంది, సిమెంటు నేల పీల్చుకున్న ఆ మరక మళ్లీ పోదు. పోనీ ఒక్క చుక్క కూడా పడకుండా పట్టారనుకుందాం. ఆ పాత ఆయిల్‌ను ఏం చేయాలి? 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని వెనక్కి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతలో ఉత్పత్తిదారులను కూడా చేర్చారు. సెల్లార్ కాలువ వాన నీటి గుంతలోకో మ్యాన్‌హోల్‌లోకో పోతుంది, ఆ గుంత బోరుకు దగ్గరగా ఉంటే ఆయిల్ ఎక్కడ తేలుతుందో ఊహించుకోవచ్చు. చెత్త బండికి సీసాలో పోసి ఇవ్వడమూ సరి కాదు. సెంట్రింగ్ పలకలకు పూయడానికి అడిగి తీసుకుపోయేవారు ఉన్నారు గానీ, అదీ చివరికి మట్టిలోకి చేరేదే. మీ వీధిలోని షెడ్డు పాత ఆయిల్ తీసుకొని తన డ్రమ్ములో పోసుకొంటానని ముందే ఒప్పుకొంటే తప్ప ఈ పని సెల్లార్‌లో మొదలుపెట్టవద్దు. అలా షెడ్డు దాకా డబ్బా మోసుకువెళ్లేటట్లయితే బండినే తీసుకువెళ్లడం తేలిక. నా అభిప్రాయంలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి ఆయిల్ మార్పు షెడ్డు పనే.

అయితే ఆయిల్ కొనడం మన చేతిలో ఉంచుకోవచ్చు. గేర్ల బళ్లలో చాలావాటికి క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కనుక డబ్బా మీద అలాంటి క్లచ్‌కు తగినదని తెలిపే జాసో ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు ఉండాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. చిక్కదనం కంపెనీని బట్టి మారుతుంది. హీరో, హోండా కమ్యూటర్ బళ్లకు 10డబ్ల్యూ30, బజాజ్ బళ్లలో చాలావాటికి 20డబ్ల్యూ50, రాయల్ ఎన్‌ఫీల్డ్‌కు 15డబ్ల్యూ50 వాడుకలో ఉన్నాయి. సీలున్న డబ్బా మీరే తీసుకువెళ్లి మీ ఎదుట విప్పించి పోయించుకోవచ్చు. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయమని కూడా చెప్పాలి.

షెడ్డుకు తప్పనిసరిగా వెళ్లవలసినవి

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకు లోపు బళ్లకు ముందు వెనక బ్రేకులు కలిసి పనిచేసే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. కాబట్టి బ్రేకు ఫ్లూయిడ్ మార్చడం, గాలి బుడగలు తీయడం ఇప్పుడు ఇదివరకటంత సులువైన పని కాదు. ఆ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక సుమారు రెండేళ్లకు ఒకసారి మార్పించాలి, పెయింటు మీద పడితే పెయింటును తినేస్తుంది. సెల్లార్‌లో పక్కన నిలిచి ఉండేది పొరుగువారి కారు అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. 2020లో బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాక కార్బురేటరు స్క్రూ తిప్పి సరిచేసుకొనే కాలమూ దాదాపు పోయింది. మీటరులో ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి చూడవలసిందే. ముందు ఫోర్కు సీళ్లు, టైర్ల మార్పు, ట్యాపెట్లు (ఇంజిన్ వాల్వుల సర్దుబాటు), స్టీరింగు బేరింగులు కూడా షెడ్డు పనులే.

షెడ్డు అన్నప్పుడు కంపెనీ సర్వీసు సెంటరా, వీధి మెకానికా అనే ప్రశ్న మిగులుతుంది. వారంటీ ఉన్నంత కాలం మాన్యువల్ చెప్పిన గడువులకు కంపెనీ సెంటరుకు వెళ్లి, బుక్కులో ముద్ర వేయించుకోవడం మంచిది, లేకుంటే తర్వాత ఇంజిన్‌లో లోపం వచ్చినా క్లెయిము తిరస్కరించే అవకాశం ఇచ్చినట్టవుతుంది. వారంటీ ముగిశాక, అదే రకం బళ్లు ఎక్కువగా వచ్చే వీధి షెడ్డు ఒకటి చూసుకొని దానికే కట్టుబడి ఉండడం నా సలహా. మీ బండి చరిత్ర తెలిసిన మెకానిక్, ప్రతిసారీ కొత్తగా చూసే సెంటరు కంటే లోపాన్ని త్వరగా పట్టుకొంటాడు. ఇంటికే వచ్చి సర్వీసింగ్ చేసేవారు కూడా నగరంలో ఉన్నారు. వారు వచ్చినా జాగా మారదు. పాత ఆయిల్‌ను తమ వెంట తీసుకుపోతామని ముందే ఒప్పుకుంటేనే పిలవాలి.

షెడ్డుకు వెళ్లేటప్పుడు "సర్వీసింగ్ చేయండి" అని తాళంచెవి ఇచ్చి రావద్దు. సెల్లార్‌లో మీరు చూసినవన్నీ జాబ్ కార్డు మీద రాయించాలి: చైను ఎక్కడ బిగుస్తోంది, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపించింది, ఏ వేగంలో చప్పుడు వస్తోంది. మార్చిన పాత భాగాలు తిరిగి ఇమ్మని ముందే చెప్పాలి, అంచనా మించితే ఫోను చేయమని కూడా రాయించాలి.

బండి తిరిగి తీసుకొనేటప్పుడు గేటు దాటకముందే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆయిల్ మట్టం, చైను ఆట, రెండు బ్రేకుల పట్టు, వెనక బ్రేకు లైటు, ఇరుసు నట్లు, డ్రెయిన్ బోల్టు దగ్గర తడి. తర్వాత చుట్టుపక్కల ఒక కిలోమీటరు నడిపి మళ్లీ అదే షెడ్డు ముందు ఆపి, ఇంజిన్ కింద వంగి చూడాలి. చుక్క కనిపిస్తే బోల్టు అక్కడే మళ్లీ బిగించి ఇస్తారు. ఆ రాత్రి బండి నిలిపే చోట ఒక వార్తాపత్రిక పరిచి, ఉదయం దాని మీద కూడా మరక లేదని చూసుకోవాలి.